టెంప్లేట్‌కు కొత్త మాటలు: జాంగోలో సొంత ఫిల్టర్లు, ట్యాగులు

వెబ్ పేజీలో మారని భాగం ఒకటుంటుంది, మారే భాగం ఒకటుంటుంది. మారని భాగాన్ని హెచ్‌టీఎంఎల్‌లో రాసి, మారే చోట ఏది నింపాలో గుర్తులతో చెప్పే ఫైలును టెంప్లేట్ అంటారు. పైథాన్‌లో రాసిన జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో ఈ గుర్తులు ముఖ్యంగా రెండు రకాలు. జంట కర్లీ బ్రాకెట్ల మధ్య రాసేది వేరియబుల్. దాని విలువ వచ్చి అక్కడ కూర్చుంటుంది. కర్లీ బ్రాకెట్‌నూ పర్సెంట్ గుర్తునూ కలిపి రాసేది ట్యాగ్. అది ఒక పని చేస్తుంది: జాబితాను వరసగా తిప్పుతుంది, షరతు చూస్తుంది, ఇంకో టెంప్లేట్‌ను తెచ్చి కలుపుతుంది. వేరియబుల్ పక్కన నిలువు గీత పెట్టి రాసే మాట ఫిల్టర్. విలువ పేజీలోకి వెళ్లేముందు దాని రూపం మారుస్తుంది. జాంగోతో పాటు వచ్చే ఫిల్టర్లు, ట్యాగులు చాలా పనులకు సరిపోతాయి. సరిపోని చోట ఎవరికి వారు రాసుకోవచ్చు. ఎలా రాయాలో ఒక పూటలో తెలిసిపోతుంది. ఏది రాయాలి, ఏది రాయకూడదు, రాసింది ఎక్కడ తెగుతుంది అన్నవే ఆలోచించాల్సిన సంగతులు.

జాంగో పుట్టింది అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే దినపత్రిక కార్యాలయంలో. అక్కడి ప్రోగ్రామర్లు ఏడ్రియన్ హోలొవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో పత్రిక వెబ్‌సైట్ల కోసం మొదలుపెట్టిన కోడ్ 2005 జూలైలో అందరికీ విడుదలైంది. ఆ పుట్టుక టెంప్లేట్ భాష మీద గట్టి ముద్రే వేసింది. పేజీ రూపం దిద్దే మనిషి వేరు, పైథాన్ రాసే మనిషి వేరు అన్న లెక్కతో ఆ భాషను కట్టారు. అందుకే టెంప్లేట్‌లో పైథాన్ రాయనివ్వరు. ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్లు ఇచ్చి పిలవడం కూడా అక్కడ కుదరదు. ఈ పేదరికం కావాలని పెట్టుకున్నది. లెక్కలు, నిర్ణయాలు పైథాన్ వైపు ఉండాలి, టెంప్లేట్ చూపించే పని మాత్రమే చేయాలి. భాషను ఇంత బిగించారు కనుకే దానికి కొత్త మాటలు చేర్చుకునే ద్వారం కూడా తెరిచి ఉంచారు. జాంగో సొంతంగా ఇచ్చే ఫిల్టర్లు, ట్యాగులు కూడా అదే ద్వారం గుండా వస్తాయి. వాటి కోడ్ ముఖ్యంగా మూడు ఫైళ్లలో, అందరూ రాసుకునే పద్ధతిలోనే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారికి అంతకన్నా మంచి నమూనా దొరకదు.

ఫిల్టర్ పనితీరు

ఫిల్టర్ అంటే మామూలు పైథాన్ ఫంక్షన్. ఒక విలువ తీసుకుంటుంది, ఒక విలువ తిరిగి ఇస్తుంది. కావాలంటే ఇంకొక్క ఆర్గ్యుమెంట్ తీసుకోవచ్చు. దాన్ని టెంప్లేట్‌లో ఫిల్టర్ పేరు తరువాత కోలన్ పెట్టి రాస్తారు. రెండోది దాటి మూడోది లేదు. ఈ హద్దును దాటడానికి చాలామంది రెండు మూడు విలువలను కామాలతో ఒకే స్ట్రింగ్‌గా కుట్టి పంపి, లోపల మళ్లీ విడదీస్తారు. అది పనిచేస్తుంది కానీ, ఏ రోజు విలువలోనే కామా వస్తుందో ఆ రోజు పేజీ చెడుతుంది. మూడో ఆర్గ్యుమెంట్ అవసరమైందంటే ఆ పని ఫిల్టర్‌ది కాదు, ట్యాగ్‌ది.

ఫిల్టర్ రాయడానికి యాప్ ఫోల్డర్‌లో ‘టెంప్లేట్ ట్యాగ్స్’ అనే పేరుతో ఇంకో ఫోల్డర్ ఉండాలి. దాన్ని పైథాన్ ప్యాకేజీగా గుర్తించే ఖాళీ ఫైలు అందులో ఉండాలి. ఫంక్షన్లు రాసిన మాడ్యూల్‌లో లైబ్రరీ ఆబ్జెక్ట్ ఒకటి సృష్టించి ‘రిజిస్టర్’ అన్న పేరే పెట్టాలి. ఆ పేరు మారితే జాంగో గుర్తుపట్టదు. ఫంక్షన్ నెత్తిన రిజిస్టర్ డెకరేటర్ పెడితే ఫిల్టర్ సిద్ధం. వాడే ప్రతి టెంప్లేట్ పైనా ‘లోడ్’ ట్యాగ్‌తో మాడ్యూల్ పేరు చెప్పాలి. తల్లి టెంప్లేట్‌లో చేసిన లోడ్ పిల్ల టెంప్లేట్‌కు అందదు. కొత్తవాళ్లు గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. ఇంకో చిక్కు: ఈ ఫోల్డర్‌ను కొత్తగా చేర్చినప్పుడు డెవలప్‌మెంట్ సర్వర్ తనంతట తాను మళ్లీ మొదలవదు. కోడ్ అంతా సరిగ్గానే ఉన్నా ‘అలాంటి లైబ్రరీ లేదు’ అంటుంది. సర్వర్ ఆపి మళ్లీ నడిపితే తీరిపోతుంది.

ఫిల్టర్‌కు ఒక మర్యాద ఉంది: చిన్న తేడాకే పేజీ మొత్తాన్ని పడగొట్టకూడదు. టెంప్లేట్‌లో లేని వేరియబుల్ పేరు రాస్తే జాంగో తప్పు చూపించదు, ఖాళీ స్ట్రింగ్ పెడుతుంది. ఆ ఖాళీ స్ట్రింగే ఫిల్టర్ చేతికి వస్తుంది. అంకె వస్తుందని నమ్మి భాగహారం చేసే ఫిల్టర్ ఆ క్షణాన కూలుతుంది, దానితో పేజీ కూడా. కాబట్టి పనికిరాని విలువ వచ్చినప్పుడు ఉన్నదాన్ని ఉన్నట్టు తిరిగి ఇవ్వడమో, ఖాళీ ఇవ్వడమో రివాజు. అయితే ఈ మౌనానికీ మితం ఉండాలి. టెంప్లేట్ రాసినవారు ఆర్గ్యుమెంట్ తప్పుగా ఇస్తే అది కోడ్‌లో దోషం. దాన్ని మింగేస్తే ఎన్నటికీ బయటపడదు. సమాచారం చెడ్డదైతే ఊరుకోవాలి, కోడ్ చెడ్డదైతే అరవాలి.

తెలుగు పేజీలో ఫిల్టర్లు

సొంత ఫిల్టర్ అవసరం ఎంత నిజమో తెలుగు వెబ్‌సైట్ కట్టేవారికి మొదటి వారంలోనే తెలుస్తుంది. జాంగోలో తెలుగు లొకేల్ ఉంది. తేదీలలో నెలల పేర్లు తెలుగులో వస్తాయి. కానీ అక్షరాలను లెక్కపెట్టే, కత్తిరించే, అంకెలను మాటల్లో చెప్పే ఫిల్టర్ల దగ్గర వ్యవహారం తేడా కొడుతుంది.

వార్తా శీర్షికలను పొట్టిగా కత్తిరించే ‘ట్రంకేట్ చార్స్’ ఫిల్టర్‌నే చూడవచ్చు. ‘స్త్రీలు’ అన్న మాట కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌లో ఎనిమిది కోడ్ పాయింట్లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, ల, కొమ్ము. ఈ ఫిల్టర్ యూనికోడ్ కలయిక గుర్తులను లెక్కలోంచి వదిలేస్తుంది కానీ, ఆ జాబితా ప్రకారం తెలుగులో పొల్లు కలయిక గుర్తు, గుణింతపు గుర్తులు కావు. కాబట్టి దాని లెక్కలో ఈ మాట పొడవు ఆరు. నాలుగుకు కత్తిరించమంటే చుక్కల గుర్తుకు ఒకటి తీసేసి మూడు ఉంచుతుంది. పేజీలో ‘స్త్ర…’ అని పడుతుంది. మూడుకు కత్తిరించమంటే ‘స్త్…’. ఇది ఏ పాఠకుడికీ పెట్టకూడని ముక్క. దీనికి సొంత ఫిల్టర్ రాయడం పెద్ద పనేం కాదు. కత్తి పడే చోటుకు వెంటనే తరువాత గుణింతపు గుర్తు, పొల్లు, సున్న, విసర్గ ఉంటే అక్కడ కోయకూడదు. ముందు పొల్లు ఉండి తరువాత హల్లు ఉంటే అక్కడా కోయకూడదు. ఈ రెండు నియమాలతో తొంభై పాళ్లు పని అయిపోతుంది. తయారుగా ఉన్న లైబ్రరీలను నమ్ముకునేవారు ఒకటి చూసుకోవాలి. అక్షర సముదాయాల గురించిన యూనికోడ్ నియమాలు చాలాకాలం పొల్లు తరువాత కోతను అనుమతించాయి. ‘స్త్రీ’ మూడు ముక్కలయ్యేది. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను కలిపి ఉంచే నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో చేరింది. లైబ్రరీ అంతకన్నా పాతదైతే పాత తప్పే చేస్తుంది.

శీర్షిక నుంచి పేజీ చిరునామా తయారుచేసే ‘స్లగిఫై’ కథ ఇంకా విచిత్రం. ఫిల్టర్‌గా వాడితే అది ఆస్కీ అక్షరాలే ఉంచుతుంది. పూర్తిగా తెలుగులో ఉన్న శీర్షిక ఇస్తే మిగిలేది ఖాళీ. పైథాన్ వైపు నుంచి అదే ఫంక్షన్‌ను యూనికోడ్ అనుమతితో పిలిస్తే ‘తెలుగు’ అన్న మాట ‘తలగ’ అయి బయటికి వస్తుంది. కారణం, పదంలోని అక్షరమేదో తేల్చడానికి అది వాడే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. పైథాన్ లెక్కలో హల్లు అక్షరం, దాని మీది గుణింతపు గుర్తు అక్షరం కాదు. గుర్తులన్నీ రాలిపోతాయి. గుర్తులను కూడా ఉంచే సొంత ఫిల్టరో, రోమన్ లిపిలోకి మార్చే ఫిల్టరో లేకుండా తెలుగు శీర్షికలకు చిరునామాలు కట్టలేరు.

మూడోది డబ్బు. జాంగో ‘హ్యూమనైజ్’ యాప్‌లో పెద్ద అంకెలను మాటల్లో చెప్పే ఫిల్టర్ ఉంది కానీ, దానికి తెలిసింది మిలియన్లు, బిలియన్లు. అంకెల గుంపులను మన పద్ధతిలో విడదీసే వీలు మాత్రం 1.11 నుంచి ఉంది. గుంపుల సెట్టింగ్‌కు 3, 2, 0 అనే వరస ఇవ్వవచ్చు, అప్పుడు 1,23,45,678 అని వస్తుంది. లక్షలు, కోట్లు అని మాటల్లో కావాలంటే రాసుకోవాల్సిందే. పైకి ఇది నాలుగు లైన్ల ఫిల్టర్: కోటి దాటితే కోటితో భాగించు, లక్ష దాటితే లక్షతో భాగించు, దశాంశం ఒకటి ఉంచు. ఇప్పుడు దానికి 99,99,950 ఇవ్వాలి. కోటి దాటలేదు కనుక లక్షతో భాగిస్తుంది, 99.9995 వస్తుంది, సవరిస్తే 100.0. పేజీలో ‘100.0 లక్షలు’ అని పడుతుంది. తెలుగు ఎరిగిన ఎవరూ అనని మాట అది. ముందు సవరించి, ఆ తరువాతే లక్షా కోటా అన్నది ఎంచుకోవాలి.

అక్కడితో అయిపోదు. 1 వస్తే ‘లక్ష’, 2 వస్తే ‘లక్షలు’. ఒంటరిగా నిలిస్తే ‘2 లక్షలు’, వెనక రూపాయలు వస్తే ‘2 లక్షల రూపాయలు’. ఒకటిన్నర వస్తే నోటికి వచ్చేది ‘లక్షన్నర’, ‘కోటిన్నర’. అంటే ఫిల్టర్‌కు తన వెనక నామవాచకం ఉందో లేదో తెలియాలి. ఆ ఒక్క అదనపు ఆర్గ్యుమెంట్ వాడవలసింది సరిగ్గా ఇలాంటి చోట. ‘ప్లూరలైజ్’ ఫిల్టర్ మాట చివర ఒక ప్రత్యయం తగిలించి ఊరుకుంటుంది. తెలుగులో మాటే మారుతుంది: చెట్టు చెట్లవుతుంది, ఇల్లు ఇళ్లవుతుంది, పుస్తకం పుస్తకాలవుతుంది. అంచేత తెలుగులో బహువచనాన్ని ఆ ఫిల్టర్‌కు వదలకుండా అనువాద వ్యవస్థలోని బహువచన ఏర్పాటుకు అప్పగించడమే మేలు.

విభక్తుల దగ్గర ఇంకో పాఠం ఉంది. టెంప్లేట్‌లో ఊరి పేరు వేరియబుల్ పెట్టి దాని పక్కనే ‘కు’ అని రాస్తే విజయవాడ విజయవాడకు అవుతుంది, బాగానే ఉంటుంది. వరంగల్ వచ్చినప్పుడు మాత్రం చివరి పొల్లు, పక్కనున్న కకారం అతుక్కుని ‘వరంగల్కు’ అని క వత్తు పడుతుంది. మాట పొల్లుతో ముగిస్తే కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి చేర్చే చిన్న ఫిల్టర్ దీన్ని ‘వరంగల్‌కు’ అని సరిచేస్తుంది. ఇలాంటిది మంచి ఫిల్టర్: చిన్నది, స్పష్టమైనది, రూపానికి మాత్రమే సంబంధించినది. దీన్ని చూసి మనుషుల పేర్లకు కూడా విభక్తులు తగిలించే ఫిల్టర్ రాయబోతే అంతు ఉండదు. రవికి, సీతకు, రాముడికి: ప్రతి ముగింపుకూ ఒక నియమం, ప్రతి నియమానికీ మినహాయింపులు. వాక్యంలో ‘గారికి’ చేరిస్తే రవి గారికి, సీత గారికి, రాముడు గారికి అని సమస్యే లేకుండా పోతుంది. భాషే దారి చూపినప్పుడు కోడ్ అక్కర్లేదు.

భద్రత

పేజీలోకి వెళ్లే ప్రతి విలువనూ జాంగో ఎస్కేప్ చేస్తుంది. చిన్నది, పెద్దది గుర్తులు, రెండు రకాల కొటేషన్లు, యాంపర్సాండ్ అనే ఐదింటిని హాని చేయని రూపంలోకి మారుస్తుంది. ఎవరైనా వ్యాఖ్యలో స్క్రిప్ట్ రాసి పంపినా అది అక్షరాలుగా కనబడుతుందే తప్ప నడవదు. ఈ రక్షణ 1.0 విడుదల నాటికి అప్రమేయం అయింది. సొంత ఫిల్టర్ హెచ్‌టీఎంఎల్ తయారుచేయాలంటే తన ఫలితం సురక్షితమని ముద్ర వేయాలి. ఆ ముద్ర పేరు ‘మార్క్ సేఫ్’. జాంగో ప్రాజెక్టుల్లో భద్రతా లోపాలు వెదికేవారు మొదట ఈ మాట కోసమే కోడ్ గాలిస్తారు. తగిన కారణమే ఉంది.

వెదికిన మాటను పేజీలో రంగు వేసి చూపించే ఫిల్టర్‌ను తీసుకుంటే విషయం తేటపడుతుంది. వచ్చిన పాఠంలో ఆ మాట ఉన్న చోటల్లా హైలైట్ ట్యాగ్ చుట్టి, మొత్తానికి సురక్షిత ముద్ర వేస్తే, పాఠంలో ఎవరో పెట్టిన స్క్రిప్ట్ కూడా ముద్రతో లోపలికి వెళుతుంది. అలా కాదని ముందు మొత్తం పాఠాన్ని ఎస్కేప్ చేసి, తరువాత ట్యాగ్ చుడితే ఇంకో రకం చిక్కు. ఎస్కేప్ అయిన యాంపర్సాండ్‌లో ‘ఏ’, ‘ఎం’, ‘పీ’ అనే రోమన్ అక్షరాలు వచ్చి చేరతాయి. ఎవరైనా ఆ మూడక్షరాలే వెదికితే గుర్తు మధ్యలో చీలి పేజీలో చెత్త పడుతుంది. సరైన క్రమం వేరు. ముందు పాఠాన్ని వెదికిన మాట దగ్గర ముక్కలు చేయాలి, ప్రతి ముక్కనూ విడిగా ఎస్కేప్ చేయాలి, ఆ తరువాత ట్యాగులతో కలిపి కుట్టి ముద్ర వేయాలి. కుట్టేటప్పుడు ‘ఫార్మాట్ హెచ్‌టీఎంఎల్’ అనే సహాయక ఫంక్షన్ వాడితే ఎస్కేప్ మరచిపోయే ప్రమాదం తగ్గుతుంది.

‘ఈజ్ సేఫ్’ అనే ఇంకో గుర్తును చాలామంది తప్పుగా చదువుతారు. అది ‘ఈ ఫలితం సురక్షితం’ అని చెప్పదు. ‘వచ్చింది సురక్షితమైతే, నా చేతిలో అది చెడదు’ అని చెబుతుంది. అక్షరాలు తీసేసే ఫిల్టర్లు కూడా ఈ మాట తప్పగలవు. సెమీకోలన్ తీసేసే ఫిల్టర్ ఎస్కేప్ అయిన గుర్తులను విరగ్గొడుతుంది, పెద్దది గుర్తు తీసేసేది ట్యాగులను మూయకుండా వదిలేస్తుంది. జాంగో ఎస్కేప్‌కు ఇంకో పరిమితి: అది హెచ్‌టీఎంఎల్ కోసమే. స్క్రిప్ట్ లోపలికి సమాచారం పంపాలంటే 2.1లో వచ్చిన ‘జేసన్ స్క్రిప్ట్’ ఫిల్టర్ వాడాలి.

ప్రమాదం స్క్రిప్ట్‌ల వల్లే కాదు, పరిమాణం వల్ల కూడా వస్తుంది. జాంగో సొంత ఫిల్టర్లే ఇందుకు సాక్ష్యం. హెచ్‌టీఎంఎల్‌ను కత్తిరించే ఫిల్టర్లలోని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ కొన్ని పాఠాల మీద విపరీతంగా నెమ్మదిస్తుందని 2019 ఆగస్టులో సవరణ విడుదల చేశారు. మరీ పొడవైన స్ట్రింగ్ ఇస్తే ‘ఇంట్ కామా’ సర్వర్‌ను కట్టిపడేస్తుందని 2024 ఫిబ్రవరిలో, చాలా పెద్ద ఘాతంతో రాసిన అంకె ఇస్తే ‘ఫ్లోట్ ఫార్మాట్’ మెమరీ మింగేస్తుందని అదే ఏడాది ఆగస్టులో సవరించారు. పైన చెప్పిన లక్షల ఫిల్టర్ కూడా స్ట్రింగ్‌ను దశాంశ సంఖ్యగా మార్చుకునేదైతే అదే గోతిలో పడుతుంది. పొడవుకు ఒక హద్దు, ఘాతానికి ఒక హద్దు మొదటి లైన్లలోనే పెట్టుకోవాలి.

ట్యాగులు: మెట్టు మెట్టుగా

విలువ రూపం మార్చడం ఫిల్టర్ పని అయితే, అంతకు మించిన ప్రతిదీ ట్యాగ్ పని. అన్నిటికన్నా తేలికది ‘సింపుల్ ట్యాగ్’. ఎన్ని ఆర్గ్యుమెంట్లయినా తీసుకుంటుంది, పేరు పెట్టినవీ తీసుకుంటుంది, అడిగితే టెంప్లేట్ కాంటెక్స్ట్, అంటే ఆ పేజీకి అందిన విలువల మూట, కూడా అందుకుంటుంది. ఫలితాన్ని పేజీలో పెట్టకుండా ‘యాజ్’ అని రాసి ఒక పేరులో దాచుకోవచ్చు. ఒకప్పుడు దీనికోసం ‘అసైన్‌మెంట్ ట్యాగ్’ విడిగా ఉండేది. 1.9లో ఆ సౌకర్యం సింపుల్ ట్యాగ్‌లోకి వచ్చాక 2.0లో దాన్ని తీసేశారు. సింపుల్ ట్యాగ్ ఫలితాన్ని ఎస్కేప్ చేయడం కూడా 1.9తోనే మొదలైంది. పాత ప్రాజెక్టును కొత్త వెర్షన్‌కు మార్చేవారు ఈ రెండూ గుర్తుంచుకోవాలి.

‘ఇంక్లూజన్ ట్యాగ్’ ఒక డిక్షనరీ తిరిగి ఇస్తుంది, దానితో మరో చిన్న టెంప్లేట్ నిండుతుంది. జాంగో అడ్మిన్‌లో ఫారం కింద వరసగా కనబడే సేవ్, డిలీట్ బటన్లు ఇలాంటి ట్యాగ్‌తోనే వస్తాయి. హెచ్‌టీఎంఎల్ హెచ్‌టీఎంఎల్ ఫైల్లోనే ఉంటుంది కనుక డిజైనర్ పైథాన్ తాకకుండా రూపం మార్చుకోగలరు. హెచ్‌టీఎంఎల్‌ను పైథాన్ స్ట్రింగ్‌లో రాసే ప్రతి ట్యాగ్‌కూ ముందు ఈ దారి సరిపోతుందేమో చూడటం మంచి అలవాటు.

తెరిచే ట్యాగ్‌కూ మూసే ట్యాగ్‌కూ మధ్య ఉన్న భాగాన్ని పట్టుకుని ఏదైనా చేయాలంటే చాలాకాలం దగ్గరి దారి లేదు. పార్సర్‌ను అందుకునే ఒక కంపైల్ ఫంక్షన్, పేజీలో పడే పాఠాన్ని తయారుచేసే రెండర్ మెథడ్ ఉన్న ఒక నోడ్ క్లాస్ రెండూ రాయాల్సిందే. కంపైల్ ఫంక్షన్ ట్యాగ్‌లోని మాటలను విడదీసి, మూసే ట్యాగ్ దాకా పార్స్ చేయమని పార్సర్‌కు చెప్పి, వచ్చిన నోడ్ల జాబితాను నోడ్‌కు అప్పగిస్తుంది. మూసే ట్యాగ్‌ను తీసేయడం మరచిపోతే పార్సర్ దాన్ని చూసి తెలియని ట్యాగ్ అని కోప్పడుతుంది. ఒక పెట్టెలో పద్యాన్ని అందంగా పెట్టడానికి ఇంత తతంగం! 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.2 దీనికి ‘సింపుల్ బ్లాక్ ట్యాగ్’ ఇచ్చింది. మధ్యలోని భాగం ముందే రెండర్ అయి మొదటి ఆర్గ్యుమెంట్‌గా వస్తుంది, ఫంక్షన్ దాన్ని చుట్టి తిరిగి ఇస్తే చాలు. ఇరవై ఏళ్ల తరువాత వచ్చినా ఎంతో మేలు చేసిన మార్పు. ఇప్పుడు పూర్తి నోడ్ క్లాస్ రాయాల్సిన అవసరం లోపలి భాగాన్ని పలుమార్లు తిప్పాలన్నా, అసలు రెండర్ చేయకుండా వదలాలన్నా, ట్యాగ్‌కు సొంత వాక్యరీతి కావాలన్నా మాత్రమే వస్తుంది.

నోడ్ రాసేవారు ఒక సంగతి బాగా తలకెక్కించుకోవాలి. టెంప్లేట్ ఒకసారే కంపైల్ అవుతుంది, ఆ నోడే వందల అభ్యర్థనలకు, కొన్నిసార్లు ఒకేసారి రెండు థ్రెడ్లకు పనిచేస్తుంది. పట్టికలో అడ్డు వరసలకు మార్చి మార్చి రెండు రంగులు వేసే ట్యాగ్ తన లెక్కను నోడ్ ఆబ్జెక్ట్‌లోనే దాచుకుందనుకుందాం. ఒక పాఠకుడి పేజీకి మొదటి రంగు ఇచ్చి లెక్క ముందుకు జరుపుతుంది. ఇంతలో ఇంకో పాఠకుడి పేజీ అదే నోడ్‌ను అడుగుతుంది, రెండో రంగుతో మొదలవుతుంది. మొదటి పాఠకుడికి వరసగా రెండు ఒకే రంగు గీతలు పడతాయి. ఒక్కరే పరీక్షిస్తే ఎన్నడూ కనబడదు, రద్దీలో మాత్రమే బయటపడుతుంది. అందుకే ఆ లెక్కను నోడ్‌లో కాకుండా ‘రెండర్ కాంటెక్స్ట్’లో, ఆ నోడ్ పేరు మీద దాచాలి. ప్రతి రెండరింగ్‌కూ అది వేరుగా ఉంటుంది.

ట్యాగ్‌లోంచి డేటాబేస్‌ను అడగడం ఇంకో తీరు కష్టం. ఒంటరిగా వాడితే ఒక ప్రశ్న. అదే ట్యాగ్‌ను ఎవరో యాభై వరసల జాబితా మధ్యలో పెడితే యాభై ప్రశ్నలు. పేజీకి సమాచారం పంపే వ్యూ కోడ్ చదివేవారికి ఆ ప్రశ్నల జాడ కూడా దొరకదు. పేజీ నెమ్మదించాక వెదుకులాట మొదలవుతుంది. ట్యాగుల దురలవాట్లన్నిటిలో ఇది అతి ఖరీదైనది. సమాచారం తేవడం వ్యూ పని. దాన్ని ట్యాగ్‌లో దాచిపెట్టడం టెంప్లేట్‌ను పేదగా ఉంచిన ఉద్దేశానికే ఎదురు నడవడం.

పేర్ల విషయం కూడా చిన్నదేం కాదు. రెండు లైబ్రరీల్లో ఒకే పేరుతో ఫిల్టర్లుంటే చివర లోడ్ చేసినదే చెల్లుతుంది. తరచు వాడేవాటిని 1.9 నుంచి సెట్టింగ్స్‌లో ‘బిల్టిన్స్’గా చేర్చి లోడ్ అవసరం లేకుండా చేయవచ్చు కానీ, టెంప్లేట్ చదివేవారికి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా పోతుంది. ఒకటి రెండింటికి తప్ప ఆ దారి పట్టకపోవడం మేలు.

ఇతర ఫ్రేమ్‌వర్క్‌లలో

సొంత ట్యాగుల అవసరం జాంగోతో పుట్టలేదు. జావా ప్రపంచంలో 1999 నాటి జేఎస్‌పీ 1.1లోనే సొంత ట్యాగులు రాసుకునే వీలుంది. ఆరంభాన్ని ఒక మెథడ్, ముగింపును ఒక మెథడ్ చూసుకునే ఆ పద్ధతి బరువెక్కి, 2003లో జేఎస్‌పీ 2.0 ‘సింపుల్ ట్యాగ్’ ఇంటర్‌ఫేస్ తెచ్చింది. జాంగో నడిచిన దారి కూడా ఇదే.

జాంగో టెంప్లేట్లను చూసి ఆర్మిన్ రోనాకర్ రాసిన జింజా మాత్రం బిగింపును సడలించింది. టెంప్లేట్‌లో ఫంక్షన్‌ను ఆర్గ్యుమెంట్లతో పిలవవచ్చు, మాక్రోలు రాయవచ్చు, ఫిల్టర్‌కు ఎన్ని ఆర్గ్యుమెంట్లయినా ఇవ్వవచ్చు. జాంగోలో ట్యాగ్ రాయాల్సిన చోట జింజాలో మామూలు ఫంక్షన్ సరిపోతుంది కనుక సొంత ట్యాగ్ రాసే ఎక్స్‌టెన్షన్ల అవసరం అరుదు. జాంగో కూడా 1.8 నుంచి జింజాను రెండో ఇంజిన్‌గా ఒప్పుకుంటుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. జింజాను విడిగా వాడితే ఎస్కేప్ అప్రమేయంగా ఉండదు, ఫ్లాస్క్‌లో హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్లకు ఉంటుంది. జాంగో కోసం రాసిన ఫిల్టర్‌ను ఉన్నపళంగా అక్కడికి మోసుకుపోతే రక్షణ ఉందో లేదో చూసుకోవాలి.

ఆన్‌లైన్ దుకాణాల వేదిక షాపిఫైలో టోబియాస్ లూట్కె రాసిన లిక్విడ్‌ది వేరే అవసరం. అక్కడ టెంప్లేట్ రాసేవారు దుకాణదారులు, సర్వర్ యజమానికి బయటివారు. వారు ఏం రాసినా సర్వర్‌కు హాని జరగకూడదు. కాబట్టి భాష చేయగలిగిందంతా రిజిస్టర్ చేసిన ఫిల్టర్లు, ట్యాగులు ఇచ్చినంతే. లిక్విడ్‌నే వాడే సైట్ తయారీ సాధనం జెకిల్‌ను గిట్‌హబ్ పేజెస్ తన సర్వర్ల మీద నడిపేటప్పుడు ఎవరి సొంత ప్లగిన్లనూ రానివ్వదు, అదే భయంతో. పీహెచ్‌పీలో ట్విగ్ ఫిల్టర్ తన ఫలితం ఏ రూపానికి సురక్షితమో చెబుతుంది: హెచ్‌టీఎంఎల్‌కా, స్క్రిప్ట్‌కా. జాంగో ముద్రకన్నా ఇది నిక్కచ్చిగా ఉంది. లారావెల్ బ్లేడ్‌లో సొంత డైరెక్టివ్ విలువను ఇవ్వదు, పీహెచ్‌పీ కోడ్‌నే ఇస్తుంది. అది కాష్‌లో నిలుస్తుంది కనుక డైరెక్టివ్ మార్చాక కాష్ తుడవకపోతే పాత పేజీలే వస్తాయి. గో భాష హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్ విలువ ఏ చోట పడుతోందో, అంటే ట్యాగ్ లోపలా, లింక్‌లోనా, స్క్రిప్ట్‌లోనా అన్నది చూసి ఎస్కేప్ చేస్తుంది. ఈ ఒక్క విషయంలో మిగతావన్నీ దాని వెనకే.

రాయకుండా గడిచేవి, రాశాక పరీక్షలు

సొంత ట్యాగులు ఎందుకు రాశారో వెదికితే చాలాసార్లు ఫ్రేమ్‌వర్క్‌లోని లోటు కనబడుతుంది. జాబితా పేజీల్లో ఫిల్టర్ ఎంపికలు పోకుండా తరువాతి పేజీకి లింక్ కట్టడానికి ఎన్ని ప్రాజెక్టులు ఎన్ని ట్యాగులు రాసుకున్నాయో చెప్పలేం. 2024 ఆగస్టులో వచ్చిన 5.1లో ‘క్వెరీ స్ట్రింగ్’ ట్యాగ్ ఆ పని చేస్తుంది. ఒకే ముక్కను పేజీలో పలుచోట్ల వాడటానికి రాసుకున్న ఇంక్లూజన్ ట్యాగుల్లో కొన్నింటి పని 2025 డిసెంబర్‌లో వచ్చిన 6.0లోని టెంప్లేట్ పార్షియల్స్ తీరుస్తాయి. ఒక మోడల్‌కే చెందిన విలువ అయితే మోడల్ మెథడ్ చాలు, టెంప్లేట్ దాన్ని నేరుగా పిలుస్తుంది. ప్రతి పేజీకీ కావాల్సినదైతే కాంటెక్స్ట్ ప్రాసెసర్ ఉంది. ఇవేవీ కుదరనప్పుడు రాసిన ఫిల్టరే పదేళ్లు నిలుస్తుంది.

అలా నిలవాలంటే లోపలి లెక్కను జాంగోతో సంబంధం లేని మామూలు ఫంక్షన్‌లో ఉంచి, ఫిల్టర్‌ను దాని మీద పలచని పొరలా వేయాలి. లెక్కకు పరీక్ష రాయడం తేలిక. ఈమెయిల్‌లోనో, ఎక్స్‌పోర్ట్ ఫైల్లోనో అదే లెక్క మళ్లీ పనికొస్తుంది. ట్యాగ్‌కు మాత్రం చిన్న టెంప్లేట్ స్ట్రింగ్‌ను రెండర్ చేసి ఫలితం పోల్చాలి, ఎందుకంటే ఎస్కేప్, లోడ్, కాంటెక్స్ట్ తప్పులు అక్కడే పడతాయి. పరీక్షకు ఇచ్చే విలువల్లో ఖాళీ స్ట్రింగ్, ఏమీ లేని విలువ, రుణ సంఖ్య, స్క్రిప్ట్ ఉన్న పాఠం, లక్ష అక్షరాల పాఠం తప్పక ఉండాలి. తెలుగు పేజీల కోసం రాసిన ఫిల్టర్ అయితే వాటికి తోడు ‘స్త్రీలు’, ‘వరంగల్’, 99,99,950 కూడా.